పక్షి రెక్క మీద లేచిన పోగు

సూదత్త అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. ఇంట్లో మొగుడు కూడా నలుగురిలో ఉన్నప్పుడు "మా సూదత్త" అనే అంటాడు, వరస కలవకపోయినా. ఆమెది రఫూ పని. చినిగిన బట్టకు అతుకు వేయడం వేరు, రఫూ వేరు. అతుకు అయితే చినిగిందని ఊరందరికీ చెబుతుంది. రఫూ చేసిన చోట నిలువు పోగులో నిలువు పోగు, అడ్డపోగులో అడ్డపోగు కలిసిపోయి, చింపుకొచ్చిన మనిషే "ఎక్కడండీ చినిగింది?" అని బట్టను అటూ ఇటూ తిప్పి చూసుకోవాలి. అలా తిప్పి చూసుకునేవాళ్ళ మొహాలు చూడటమే సూదత్తకు అసలు కూలి. చేతిలో పెట్టేది ఆ తర్వాత సంగతి.

ఇస్త్రీ దుకాణానికీ గొడుగులు బాగుచేసే కొట్టుకూ మధ్య, నిలబడి ఒళ్ళు విరుచుకోవడానికి కూడా చోటు చాలని ఇరుకులో ఆమె చాలాకాలం కూర్చుంది. సిగరెట్టు కాల్చిన ప్యాంట్లు, పురుగు తిన్న కోట్లు, మేకుకు తగులుకున్న పెళ్ళిచీరలు అన్నీ ఆ ఒళ్ళోకే వచ్చేవి. ఇస్త్రీవాడి ఆవిరి చెక్క సందుల్లోంచి వచ్చి పొద్దస్తమానం ఆమె మొహానికి తగిలేది. "నన్ను కూడా ఉడికించి మడతపెట్టు, ఓ పని అయిపోతుంది" అని ఆమె విసుక్కోని రోజు లేదు. ఆ ఆవిరి తనకేం చేసిపెడుతోందో అప్పుడు తెలియదు. మనిషికి ఒంట్లో హాయిగా ఉన్నది ఏదీ కంటికి కనపడదు కదా. పంటి సంగతి పన్ను సలిపితేనే గుర్తొస్తుంది, గాలి సంగతి అది అందనప్పుడే.

ఒకరోజు మ్యూజియం నుంచి కబురొచ్చింది. పాత బట్టలు భద్రం చేసే గదికి పెద్ద అయిన ఒక మేడమ్ తన కోటుకు రఫూ చేయించుకుని, చినిగిన చోటు వెతుక్కోలేక ఓడిపోయి, మనిషినే వెతుక్కుంటూ వచ్చింది. వయసులో చిన్నది. మొదటి రోజునుంచే "అత్తా" అని పిలిచేది.

ఆ రోజే మ్యూజియంలో బల్లమీద తెల్లగుడ్డ పరిచి, దానిమీద ఆ పట్టుబట్టను విప్పారు. మంచమంత పొడవు. నేసినవాళ్ళెవరో, ఏ కాలంవాళ్ళో ఎవరికీ తెలియదు. బట్ట నిండా పక్షులు. ఒక పక్షిలా ఇంకో పక్షి లేదు. ఒకటి తలతిప్పి వెనక్కి చూస్తోంది, ఒకటి ముక్కుతో ఈక సర్దుకుంటోంది, ఒకటి ఇప్పుడే వాలి ఇంకా రెక్కలు ముడుచుకోలేదు. రంగు దారాల్ని వంచిన తీరుకు రెక్క కింద నీడ కూడా ఉంది. మధ్యనున్న పెద్ద పక్షి రెక్క మాత్రం పురుగు కొట్టేసి వల అయిపోయింది.

సూదత్త బల్లమీదికి వంగి చూసింది. చేతులు వెనక్కి కట్టుకుంది, పొరపాటున తగులుతాయేమోనని.

"ఇది చేసినవాళ్ళు మనుషులేనా మేడమ్?"

"మనుషులే అత్తా. వాళ్ళ పక్కన మన చెయ్యి పెట్టాలి, అదే నాకు భయం."

ఆ క్షణం నుంచి ఆమెకు వేరే కోరిక లేదు. ఆ రెక్క తన చేతిమీదుగా పూర్తవ్వాలి. ప్రదర్శనకు పెట్టేలోపు అది పూర్తిచేయమని మేడమ్ అడిగితే, సూదత్త ఒప్పుకోవడం కూడా మరిచిపోయి "సూదులు నావే తెచ్చుకోవచ్చా?" అంది.

ఆ గదికి కిటికీలు లేవు. ఏసీ ఆగదు. గోడమీద గాలిలోని తడిని కొలిచే గుండ్రటి మీటరు ఒకటి. దాని ముల్లు నడిమధ్య ఉంటే బట్టకు క్షేమమట. ముల్లు ఎప్పుడూ అక్కడే ఉండేది. లోపలికి నీళ్ళ సీసా తేకూడదు. బయటికి వెళ్ళాలంటే ఏప్రన్ విప్పాలి, రెండు తలుపులు దాటాలి. తిరిగొస్తే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, బాగా ఆరబెట్టుకుని, అప్పుడు బల్ల దగ్గరికి రావాలి. గ్లవ్సు వేసుకుంటే సన్నపోగు వేలికి తెలియదు కనుక వట్టి చేతులతోనే పని.

మొదటి వారంలోనే ఒక చిన్న సంగతి జరిగింది. పైనున్న ఏసీ గాలి సూటిగా బల్లమీద పడుతుంటే, చిరిగిన రెక్క దారాలు సన్నగా వణకడం సూదత్త చూసింది. ఎంతో వయసున్న దారాలు, చలికి వణుకుతున్నట్టే ఉన్నాయి.

"దాన్ని అటు తిప్పించండి మేడమ్. పాపం, ముసలి ప్రాణం."

"అటు తిప్పితే మీమీద పడుతుందత్తా."

"నామీద పడితే ఏం? నాకు ఒంటినిండా బట్టుంది. అదే ఓ బట్టయ్యె, దానికేం కప్పుతాం?"

మేడమ్ నవ్వి, నిచ్చెన ఎక్కి ఏసీ రెక్కల్ని తిప్పింది. గాలి ధార నేరుగా సూదత్త మెడా మొహం చేతుల మీదికి దిగింది. బట్ట మీద వణుకు ఆగింది. ఆమెకు ఆ సాయంత్రం ఎంత తృప్తో.

తర్వాతవన్నీ చెప్పాపెట్టకుండా వచ్చాయి. ముందు పెదవులు పగిలాయి. తర్వాత ముంజేతుల మీద చర్మం గోటితో గీస్తే తెల్లటి చార నిలిచేలా తయారైంది. పొద్దున్న లేస్తే గొంతులో ఊక పోసినట్టు ఉండేది. ఒకరోజు దారం కొస పెదవుల మధ్య పెట్టుకుంటే తడవలేదు. నాలుక తిప్పి చూసుకుంది. నోట్లో తడే లేదు. పుట్టి బుద్ధెరిగాక నోట్లో ఉమ్ము లేకపోవడం అనేది ఒకటి ఉంటుందని ఆమెకు తెలియదు. సూది పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది, బావిలో చేద వేస్తే ఖంగుమని రాయి మోగినట్టు.

దానికి ఆమె చేసుకున్న వైద్యం ఒక్కొక్కటీ జబ్బుకే బలం. చేతులు గరుకుగా ఉన్నాయంటే మురికి పట్టిందనుకుని ఇంకోసారి, మరోసారి సబ్బు పెట్టి తోమింది. గొంతు మండుతుంటే ఘాటు పిప్పరమెంటు బిళ్ళలు చప్పరించింది. అవి నోట్లో ఉన్నంతసేపు చల్లగా ఉండి, పోతూ పోతూ ఉన్న తడిని కూడా వెంటేసుకుని పోయేవి. సాయంత్రం ఇంటికెళ్ళి పొగలుకక్కే నీళ్ళు ఒంటిమీద పోసుకుంది. అన్నిటికంటే పెద్ద తెలివి ఇంకోటి. నీళ్ళు తాగితే బయటికి వెళ్ళాలి, వెళ్తే కడుక్కోవాలి, కడుక్కుంటే చేతులు మండుతాయి. కనుక నీళ్ళు తాగడం మానేసింది.

ఇంటిదగ్గర ఇంకో చలికొండ. మొగుడు బతుకంతా బేకరీ పొయ్యి ముందు నిలబడి రొట్టెలు తీసిన మనిషి. పని మానేసిన నెలకే పడకగదిలో ఏసీ పెట్టించి, దానికింద పడుకుని ఇన్నాళ్ళ కాకంతా తీర్చుకుంటున్నాడు.

"కాస్త తగ్గించండి, గొంతు పిడచకట్టుకు పోతోంది" అనేది ఆమె.

"సగం ఆయుష్షు ఆ పొయ్యికే ధారపోశాను. మిగతాదన్నా చల్లగా పోనివ్వవే."

"పోవడానికి మీకు తొందరేమో, నాకు రెక్క పూర్తికాలేదు."

ఇలా ఉండగానే అది జరిగింది. పెద్ద పక్షి రెక్కలో కొత్త పోగులు సగందాకా వచ్చాయి. సూదత్త బొటనవేలితో అంచు సర్దుతోంది. వేలి చివర పగిలిన చర్మం ఆకురాయి పన్నులా లేచి ఉంది. అది పాత పోగు ఒకదాన్ని పట్టుకుంది. ఆమె చెయ్యి తీసింది, పోగూ దాంతోపాటు లేచింది. చిన్న ఉంగరంలా, రెక్కమీద నిలబడింది. చుట్టూ ఉన్న నేత అంతా ఆ ఒక్కచోటికి ముడుచుకుంది, ఎవరో గిల్లినట్టు.

ఆమె చెయ్యి కదల్చలేదు. "మేడమ్, ఒకసారి రండి. చెయ్యి తప్పింది" అంది మామూలు గొంతుతో. ఆ మామూలు గొంతు తేవడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు.

మేడమ్ భూతద్దంలో చూసింది. తెగలేదు. తర్వాత సూదత్త చేతులు తీసుకుని, వాటినీ అదే అద్దం కింద పెట్టి చూసింది. ఎండకు బీటలువారిన చెరువు అడుగులా ఉన్నాయి.

"అత్తా, ఈ చేతులతో మిమ్మల్ని బల్ల దగ్గరికి రానివ్వలేను."

"తెలుసు."

"నయమయ్యేదాకా ఆగుతాను. కానీ ప్రదర్శన ఆగదు. పెట్టె సిద్ధమయ్యేలోగా తగ్గకపోతే వేరే ఊరి వర్క్‌షాపుకు పంపాలి."

బట్టను చుట్టి పంపడానికి పొడవాటి చెక్కపెట్టె ఒకటి చేయిస్తున్నారు. దానికీ తన చేతులకూ పందెం పడిందని సూదత్తకు అర్థమైంది. "నూనె రాసుకుంటే?" అని అడిగింది. "బట్టమీద మరకైతే అది పోగు లేవడం కంటే ఘోరం" అంది మేడమ్. అదీ నిజమే.

పని లేక, ఇంటికి వెళ్ళబుద్ధి కాక, ఆమె భవనం వెనక మెట్లమీద కూర్చుంది. పక్కనే గోడలోంచి ఒక సన్నగొట్టం దిగి ఉంది. దాని కింద బకెట్. గొట్టం నుంచి నీళ్ళు చుక్కచుక్కగా, తెంపు లేకుండా పడుతున్నాయి. ఏసీ మెకానిక్కు ఒకడు మెట్టుమీద జల్లెడలాంటి ఫిల్టరు కడుగుతున్నాడు.

"గొట్టం కారుతోంది చూడు నాయనా, ఎవరికన్నా చెప్పు."

"కారడం కాదమ్మా, అది దాని పనే. లోపలి గాలిలో ఉన్న నీళ్ళు అవి."

"గాలిలో నీళ్ళేమిటి?"

"చల్లనీళ్ళ గ్లాసు బయట చెమ్మ పడుతుంది కదా, అలాగే. లోపల గొట్టాలు చల్లగా ఉంటాయి. గదిలో గాలి వాటికి తగిలి చెమ్మ దిగుతుంది. ఆ చెమ్మంతా ఇలా బయటికి."

సూదత్త బకెట్టులోకి వంగింది. సగానికి పైనే ఉన్నాయి. తేటగా, అడుగు కనిపిస్తూ. చెరువులోవీ నూతిలోవీ కావు. తాను పొద్దున్నించి కూర్చున్న గదిలో, తన చుట్టూ, తన వేళ్ళ మధ్య నుంచి తిరిగిన నీళ్ళు. తను విడిచిన ఊపిరి కూడా ఇందులో ఉందన్నమాట, మేడమ్ ఊపిరీ, పక్కగది గుమాస్తాల ఊపిరీ, వాళ్ళ నవ్వులూ దగ్గులూ కూడా. ఇన్నాళ్ళూ గాలి అంటే ఖాళీ అనుకుంది. అది ఖాళీ కాదు, కంటికి ఆనని ఏరు. ఎడారుల్లో తిరిగేవాళ్ళు ముక్కూ నోరూ గుడ్డతో కప్పుకునేది ఇసుకకు భయపడే అనుకుంటాం. విడిచిన ఊపిరిలోని తడి ఆ గుడ్డకు పట్టి, పీల్చేటప్పుడు మళ్ళీ తమకే దక్కుతుంది. ఎంత దూరం నడిచినవాడైనా ఏటిని మూతికి కట్టుకునే నడిచాడు. సూదత్త ఎడారి చూడలేదు. కానీ ఒక చుక్క వేలిమీద పట్టుకుని, అది పగుళ్ళలోకి ఇంకిపోతుంటే చూస్తూ ఉండిపోయింది.

"మీ కుర్చీ ఎక్కడమ్మా?" అని అడిగాడు మెకానిక్కు.

"గాలి వచ్చేదానికి సరిగ్గా ఎదురుగా."

"అయితే ఇంకేం. తడిబట్ట ఫ్యానుకింద ఆరేసినట్టే కూర్చున్నారు."

ఆమె లోపలికి వెళ్ళి చెప్పింది. మేడమ్ మీటరు వంక చూసింది. ముల్లు నడిమధ్యనే ఉంది. "గది బాగానే ఉందత్తా, మరి మీకే ఎందుకు" అంటూ తనే ఆగిపోయింది. పలచటి టిష్యూ కాగితాన్ని సన్నగా చింపి, రిబ్బనులా పట్టుకుని గదంతా తిరిగింది. బట్టమీద పట్టుకుంటే కాగితం దారానికి వేలాడినట్టు కదలకుండా ఉంది. సూదత్త కుర్చీ మీదికి తెచ్చేసరికి గాలికి అడ్డంగా లేచి రెపరెపలాడింది. గదిలో తడి చాలినంతే ఉంది. ఆ గాలి ఆగకుండా వీచి, ఈ ఒక్క మనిషి మీదనుంచే దాన్ని తుడుచుకుపోతోంది.

ఇద్దరూ ఆ కాగితాన్ని చూస్తూ నిలబడ్డారు.

"నేనే కదూ తిప్పమన్నాను" అంది సూదత్త.

"నేనే కదా నిచ్చెన ఎక్కింది."

"సరే, ఇద్దరం సమానంగా తెలివైనవాళ్ళం. ఇప్పుడు మళ్ళీ ఎక్కండి."

మేడమ్ ఏసీ నోటికి అడ్డంగా ఒక అట్టముక్క బిగించింది. గాలి పైకప్పు పట్టుకుని వెళ్ళి ఎదుటి గోడమీద వాలింది. బట్ట మీదా లేదు, కుర్చీ మీదా లేదు. కాగితం రెండుచోట్లా నిద్రపోయింది. లోపల ఒక గిన్నెడు నీళ్ళు పెడదామని సూదత్త ఆశపడితే, "బట్టకు బూజు పట్టిస్తారా" అని మేడమ్ ఒప్పుకోలేదు. ఆ ముచ్చట ఇంట్లో తీర్చుకోమంది.

మేడమ్ పంపించిన ఆసుపత్రిలో డాక్టరమ్మ కూడా చూసి, పెద్ద మందేమీ రాయలేదు. పిప్పరమెంటు బిళ్ళలు మానేయమంది. దాహం కోసం చూడకుండా గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగమంది. గోరువెచ్చటి ఉప్పునీళ్ళతో పుక్కిలించి, స్నానానికి కూడా గోరువెచ్చటి నీళ్ళే వాడమంది. సబ్బు తక్కువ. ఒంటిమీద తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని పెట్రోలియం జెల్లీ పూసి, చేతులకు నూలు తొడుగులు వేసుకుని పడుకోమంది. "మీ చర్మానికి నీళ్ళు పోయడం ఒకటే కాదమ్మా, ఆ నీళ్ళమీద మూత పెట్టాలి" అంది. పనిలో ఊపిరి బిగబట్టి నోరు తెరుచుకుని కూర్చుంటారా అని కూడా అడిగింది. సూదత్త సిగ్గుపడింది. సూది కదిలేటప్పుడు నోరు తెరుచుకోని రఫూ మనిషిని ఆమె చూడలేదు మరి.

చేతులకు తొడుగులు దొరక్క, మొగుడి నూలు సాక్సు రెండు ఉతికి తొడుక్కుంది. అన్నం తిన్నాక అతను ఆమెను చూసి పళ్ళెం పక్కన పెట్టాడు.

"బాక్సింగ్ ఎవరితో? నాతోనేనా?"

"మీ ఏసీతో."

అతను నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఆ సాక్సుల చేతులవంక కాసేపు చూశాడు. పొయ్యి ముందు తన చేతులు కాలి బొబ్బలెక్కిన రోజుల్లో వాటికి గుడ్డచుట్టి, అన్నం కలిపి నోట్లో పెట్టింది ఈ మనిషే. లేచి రిమోటు తీసుకుని చల్లదనం తగ్గించాడు. గాలి మంచంమీదికి రాకుండా రెక్కలు పైకి తిప్పాడు. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు తెచ్చి గది మూల పెట్టి, కుర్చీకి తడి తువ్వాలు ఆరేశాడు.

"చెమట పడితే మాత్రం నిన్నే తిడతాను."

"తిట్టండి. తడి మాటలే కదా."

చర్మం మాట వినడానికి దాని టైము అది తీసుకుంటుంది. పైపొర కిందినుంచి కొత్తపొర ఎదిగిరావాలి. ఎవరూ నేయకుండా, పోగు లెక్కపెట్టకుండా, మనిషి నిద్రలో ఉండగా, తనంతట తానే రఫూ చేసుకుంటుంది ఒళ్ళు. పొద్దున్న సాక్సు తీసి వేళ్ళు వెలుతురులో పట్టుకుని చూసినప్పుడల్లా సూదత్తకు అదే అబ్బురం. పగులు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండేదో తనకే గుర్తుపట్టడం కష్టమైపోతోంది. ఇంత పనిమంతురాలు ఒంట్లోనే ఉండగా, ఇన్నాళ్ళూ తనే పనిమంతురాలనుకుంది.

కానీ మ్యూజియం పరీక్ష అంత తేలిక కాదు. చెక్క చట్రంమీద బిగించిన పట్టుముక్క ఒకటి ఉంది. చేతులు కడిగి ఆరబెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక్కొక్క వేలితో దాన్ని నిమరాలి. మేడమ్ చెవి దగ్గర పెట్టి వింటుంది. చర్ర్‌మని ఎక్కడ సన్నగా వినపడ్డా ఆ వేలు తప్పినట్టే. మొదటిసారి అన్ని వేళ్ళూ పాడాయి. ఇంకోసారికి చిటికెనవేళ్ళు ఊరుకున్నాయి. ఆ తర్వాత మిగతావి ఊరుకున్నాయి గాని, కుడి బొటనవేలు మొండికేసింది. బొటనవేలు లేకుండా సూది లేదు.

చెక్కపెట్టె వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. సూదత్త వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాన్ని ఒరుసుకునే నడవాలి. వార్నిషు వాసన. ఆమె దానివంక చూడకుండా వెళ్ళేది, ఇంటికొచ్చిన అప్పులాడిని తప్పించుకున్నట్టు.

పెట్టెలోకి మెత్తలు పరుస్తున్న రోజున మేడమ్ చట్రం తెచ్చింది. "ఇదే ఆఖరు అత్తా."

సూదత్త కళ్ళు మూసుకుంది. బొటనవేలు పట్టుమీద పెట్టి, ఈ కొసనుంచి ఆ కొసకు లాగింది. ఏమీ వినపడలేదు. మేడమ్ చెవి ఇంకా దగ్గరగా పెట్టింది.

"మళ్ళీ."

మళ్ళీ లాగింది. గదిలో ఏసీ మూలుగు తప్ప మరేదీ లేదు.

మేడమ్ చట్రం దించింది. వెళ్ళి పెట్టెమీద మూత పెట్టింది, ఖాళీగానే.

సూదత్త బల్ల దగ్గర కూర్చుంది. కొత్త పోగుల కంటే ముందు తను లేపిన ఆ పాత పోగును సర్దాలి. దాన్ని లాగకూడదు, నొక్కకూడదు. వచ్చిన దారినే, ఒక్కొక్క అడ్డపోగు కిందినుంచి కొంచెం కొంచెం వెనక్కి నడిపించాలి. అందుకు దారి ఎటో తెలియాలి కనుక అంచెత్తి, బట్ట వెనకవైపు భూతద్దం పెట్టి చూసింది.

చూసి, ఊపిరి బిగబట్టింది. డాక్టరమ్మ మాట జ్ఞాపకమొచ్చి నోరు మూసుకుని ముక్కుతో వదిలింది.

రెక్క వెనక, తను లేపిన పోగుకు ఆనుకునే, ఇంకో పోగు ఉంది. అదీ ఎప్పుడో లేచిందే. ముందువైపు దాని జాడ ఏమాత్రం లేదు. వెనక మాత్రం, ఎవరో దాన్ని పోగు పోగు కిందుగా వెనక్కి నడిపించి, మిగిలిన వెంట్రుకవాసి వదులును రెక్క నీడలో కనపడకుండా సర్ది వదిలేశారు. నేసినవాళ్ళే అయివుండాలి. ఆ దారానికీ చుట్టూ ఉన్న దారానికీ వయసు ఒకటే.

"మేడమ్, ఇటు చూడండి. ఈయనకి కూడా చెయ్యి తప్పింది."

మేడమ్ అద్దంలోకి వంగింది. 

"ఈయనో, ఈవిడో."

"ఎవరైతేనేం. ఏ చలికాలమో, ఏ పొడిగాలో. వేళ్ళు పగిలి ఉంటాయి. మగ్గానికి తల ఆనించి ఏడ్చి ఉంటారు. లేచి, ఇలా నడిపించారు."

ఆ పక్షుల ముందు మొదటిరోజు చేతులు వెనక్కి కట్టుకున్న మనిషి, ఇప్పుడు వేలికొనను ఆ పాత సవరింపు పక్కన పెట్టింది. అది చూపించిన దారినే తన పోగును పంపింది. ఒక అడ్డపోగు కిందికి, ఇంకో అడ్డపోగు కిందికి. గిల్లినట్టున్న నేత మెల్లగా వదులైంది. ఉంగరం చిన్నదైంది, చుక్కైంది, లేదు. పక్షి రెక్క మళ్ళీ చదునుగా పరుచుకుంది, నీడతో సహా.

సూదత్త సూది దించి, కుర్చీలోంచి లేచి ఏప్రన్ ముడి విప్పుకోసాగింది.

"ఎక్కడికత్తా? ఇంకా సగం రెక్క ఉంది."

"ఉండనివ్వండి, ఎగిరిపోదు. గొంతు తడుపుకుని వస్తాను."